ఇంజను సంగతి తర్వాత, ముందు తోక సంగతి చూడండి

కాకినాడ దగ్గర ఫైబర్ బోట్ల షెడ్డు నడుపుతున్న 36 ఏళ్ళ పాఠకుడు ఒకరు పొడవైన ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వేట నిషేధం రోజుల్లో ఆయనకు మరమ్మతుల పనితో ఊపిరాడదు. మిగతా నెలల్లో ఖాళీ దొరికినప్పుడల్లా, రెండేళ్ళుగా, నీటికి అడుగు ఎత్తున ఎగిరే ఒంటి సీటు గ్రౌండ్ ఎఫెక్ట్ విమానం కడుతున్నారు. అడుగు భాగాన్ని తన దగ్గరున్న వేట బోటు అచ్చులోనే పోశారు, పొడవు 4.8 మీటర్లు. రెక్క దీర్ఘచతురస్రం, ఈ కొస నుంచి ఆ కొసకు 6 మీటర్లు, ముందంచు నుంచి వెనకంచుకు 2.4 మీటర్లు. తోక వైశాల్యం 1.6 చదరపు మీటర్లు, అది రెక్కకు 2.6 మీటర్లు వెనక ఉంది. తుక్కులో కొన్న మారుతి 800 ఇంజనుకు, బెల్టూ గేరూ లేకుండా, ఒక మీటరు వ్యాసం నాలుగు రెక్కల ఫ్యాను నేరుగా బిగించి, సీటుకు మీటరు ఎత్తున నిలబెట్టారు. మనిషితో కలిపి బరువు దాదాపు 300 కిలోలు.

రెండు సార్లు దెబ్బతిన్నారు. క్రీకులో పెద్ద బండిని నడిపితే గంటకు 25 కిలోమీటర్లు దాటలేదు. ముక్కు పైకి లేచి, వెనక భాగం నీళ్ళలో కూరుకుపోయి, ఎంత రేజ్ చేసినా అక్కడే ఆగిపోయింది. అంతకుముందు 1.5 మీటర్ల రెక్కతో 2.2 కిలోల నమూనా చేసి మోటారు బోటు వెనక తాడుతో లాగితే, మోకాలెత్తు లేచి, ముక్కు ఆకాశానికి ఎత్తి, వెనక్కి బోర్లా పడింది. వాళ్ళ అక్క భర్త కార్ల మెకానిక్కు. శక్తి చాలడం లేదు, వ్యాగనార్ ఇంజను వేద్దాం అని బావ పట్టు. ఇప్పటికి ఖర్చు 2 లక్షల 30 వేలు. కొత్త ఇంజనుకు చీటీ పాడదామంటే భార్య ఒప్పుకోవడం లేదు. ఇద్దరు పిల్లలున్నారు, ఆమె రెండు నెలలుగా ముభావంగా ఉంటోంది. "ఒక్కసారి ఎగిరి చూపిస్తే అందరూ సర్దుకుంటారని నా నమ్మకం. ఇంజను మార్చాలా, ఆపేయాలా? అనుమతి కూడా కావాలా?" ఇదీ ఆయన ప్రశ్న.

సమాధానం:

మీ రెండు దెబ్బల్లో మీరు చిన్నదనుకున్నదే పెద్దది. క్రీకులో బండి లేవకపోవడం మీకు బాధ కలిగించింది, నమూనా తిరగబడటాన్ని మాత్రం రెండు వాక్యాల్లో దాటేశారు. ఇప్పుడున్న రెక్కా తోకా అలాగే ఉంచి ఇంజను ఒక్కటే మార్చితే, ఆ నమూనాకు జరిగిందే గంటకు 75 కిలోమీటర్ల వేగంలో మీతో సహా జరుగుతుంది. ఇన్నాళ్ళూ మిమ్మల్ని కాపాడింది ఆ చాలని శక్తే. కాబట్టి వరస మార్చుకోండి. ముందు ముక్కు లేవకుండా చేసే పని, తర్వాత అడుగు భాగం, అన్నిటికీ ఆఖర్న ఇంజను.

నమూనా ఎందుకు తిరగబడిందో చూద్దాం. రెక్క నీటికి దగ్గరైనప్పుడు దాని కొసల దగ్గర గాలి సుడులు పూర్తిగా విచ్చుకోవు, వెనక గాలి కిందికి వంగడం తగ్గుతుంది. లిఫ్ట్ (రెక్కను పైకి ఎత్తే బలం) కోసం కట్టాల్సిన డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) అందుకే తగ్గుతుంది. గ్రౌండ్ ఎఫెక్ట్ అంటే ఇదే. రెక్కల నిడివిలో పదోవంతు ఎత్తులో ఈ ప్రేరిత డ్రాగ్ 47.6 శాతం తగ్గుతుందని, నాలుగోవంతు ఎత్తులో 23.5 శాతం, నిడివంత ఎత్తుకు వెళ్తే 1.4 శాతమేనని పైలట్ల శిక్షణ పుస్తకాల్లో ఉంటుంది. మీ 6 మీటర్ల రెక్కకు పదోవంతంటే 60 సెంటీమీటర్లు. మీరు ఆశపడ్డ లాభం ఇదే, అది నిజమే.

కానీ దాని వెంట ఒక చిక్కు వస్తుంది. మామూలు ఎత్తులో లిఫ్ట్ రెక్క ముందంచు నుంచి దాదాపు 25 శాతం దగ్గర పనిచేస్తుంది. నీటికి దగ్గరైతే రెక్క కింద గాలి ఒత్తిడి వెనక దాకా పరుచుకుని, ఆ చోటు 35 శాతానికో, ఇంకా వెనక్కో జరుగుతుంది. మీరు నీటి దగ్గర బండిని సరిగ్గా తూచి పెట్టారనుకుందాం. ఒక అల తగిలో ఎదురుగాలి కొట్టో బండి మీటరు పైకి లేస్తే లిఫ్ట్ ముందుకు జరుగుతుంది. 2.4 మీటర్ల వెడల్పులో 10 శాతమంటే 24 సెంటీమీటర్లు. 300 కిలోల బరువు 24 సెంటీమీటర్ల తేడాతో ముక్కును పైకి ఎత్తితే ఆ తిప్పుడు 72 కిలో-మీటర్లు (కిలోలను మీటర్లతో హెచ్చించిన కొలత, దూరం కాదు). ముక్కు లేచేకొద్దీ లిఫ్ట్ పెరుగుతుంది, బండి ఇంకా పైకి పోతుంది, ముక్కు ఇంకా లేస్తుంది. దీన్ని చేత్తో అదుపు చేసేంత వ్యవధి ఉండదు.

ఆ 72ను తోకే అణచాలి. మీ తోక 2.6 మీటర్ల దూరంలో ఉంది, అంటే 28 కిలోల బలం ఇవ్వాలి. సెకనుకు 22 మీటర్ల వేగంలో చదరపు మీటరుకు దొరికే గాలి ఒత్తిడి దాదాపు 28 కిలోలు. 1.6 చదరపు మీటర్ల తోక అంత బలం ఇవ్వాలంటే గాలి ఒత్తిడిలో 0.6 వంతును లిఫ్ట్‌గా మార్చాలి, అంటే 0.6 లిఫ్ట్ కోఎఫిషియెంట్‌తో పనిచేయాలి. ఆ తోకకు ఉన్న సత్తాలో సింహభాగం అక్కడే అయిపోతుంది, గాలి కుదుపుకు ఏమీ మిగలదు. అదే తోక 5 చదరపు మీటర్లుండి 3.5 మీటర్లు వెనక ఉంటే 0.15తో సరిపోతుంది. తోక వైశాల్యాన్ని దాని దూరంతో హెచ్చించి, రెక్క వైశాల్యం, రెక్క వెడల్పుల లబ్ధంతో భాగించి చూడండి. మీకు 0.12 వస్తుంది. ఈ తరహా బండికి అది 0.5 దగ్గర ఉండాలి.

తోక పెద్దదైతే చాలదు, ఎత్తున కూడా ఉండాలి. సోవియట్ యూనియన్‌లో రోస్తిస్లావ్ అలెక్సేయెవ్ 1961లో కట్టిన మొదటి ఎక్రానోప్లాన్ (ఇలా నీటికి దగ్గరగా ఎగిరే బండికి రష్యన్ పేరు) ఎస్‌ఎం-1కి ముందొకటి వెనకొకటి రెక్కలుండేవి. అది చాలా తక్కువ ఎత్తుల పరిధిలోనే నిలకడగా ఉండటంతో ఆయన దారి మార్చి, ఒకే ప్రధాన రెక్క, నిలువు తోక మీద చాలా పెద్ద అడ్డ తోక పెట్టారు. 1966లో కాస్పియన్ సముద్రం మీద ఎగిరిన కేఎం అలాంటిదే. ఆ వంశపు బండ్లలో తోక వైశాల్యం రెక్కలో మూడోవంతు నుంచి సగం దాకా ఉంటుంది. ఎత్తు మారినప్పుడు లిఫ్ట్ ఎక్కడ మారుతుందో ఆ బిందువు, ముక్కు కోణం మారినప్పుడు లిఫ్ట్ ఎక్కడ మారుతుందో ఆ బిందువుకు ముందుండాలి అన్నది నిలకడకు ఇరోదోవ్ అనే సోవియట్ పరిశోధకుడు చెప్పిన షరతు. నీటి ప్రభావం అందనంత ఎత్తులో ఉన్న తోక రెండో బిందువును వెనక్కి లాగుతుంది, మొదటిదాన్ని కదపదు. అందుకే దాన్ని పైన పెడతారు. మీ తోక రెక్కతో సమానమైన ఎత్తులో ఉంటే, పెద్దది చేసినా ఈ మేలు సగమే దక్కుతుంది.

నమూనా గురించి ఇంకో రెండు మాటలు. మీది నాలుగో వంతు నమూనా. పొడవు నాలుగో వంతైతే బరువు 64వ వంతు కావాలి. 300 కిలోలకు అది 4.7 కిలోలు. మీరు 2.2 కిలోలతో లాగారు, అంటే 140 కిలోల బండిని పరీక్షించినట్టు. వేగం సగం ఉండాలి, అసలు బండి 75 అయితే నమూనా 38. తాడు ముక్కు కింద కట్టానన్నారు. అలా కడితే తాడు బిగువుగా ఉన్నంతసేపు ముక్కును కిందికి లాగుతూ అస్థిరతను దాచిపెడుతుంది. తాడు వదులైన క్షణాన అసలు స్వభావం బయటపడుతుంది. అందుకని తాడు పరీక్ష మంచి ఫలితం ఇచ్చినా నమ్మకూడదు.

ఇక క్రీకులో ఆగిపోవడం. దీనికి బావగారు చెప్పిన కారణం కంటే పెద్ద కారణం మీ అచ్చులో ఉంది. వేట బోటు అడుగు వెనక్కి వెళ్ళేకొద్దీ పైకి వంగి ఉంటుంది. తీరపు అలల్లో అది మంచిదే. కానీ వేగంలో ఆ వంపు మీదుగా పోయే నీరు దాన్ని కిందికి పీలుస్తుంది. వెనక భాగం కూరుకుపోయి ముక్కు లేవడానికి కారణం అదే. ఎంత శక్తి ఇస్తే అంత పీలుస్తుంది. నీటి విమానాల అడుగున మధ్యలో ఒక మెట్టు ఉంటుంది, నీరు అక్కడ తెగిపోయి వెనక భాగం గాలిలో తేలడానికి.

ఫైబర్ పని మీ చేతిలోదే కాబట్టి కొలతలు ఇస్తాను. ముక్కు వంపు అయిపోయిన దగ్గర నుంచి మెట్టు దాకా కనీసం మీటరున్నర అడుగు గీత గీసినట్టు తిన్నగా ఉండాలి, రెండు మీటర్లయితే మేలు. స్కేలు ఆనిస్తే ఎక్కడా వెలుగు కనిపించకూడదు. మెట్టు బరువు కేంద్రానికి కాస్త వెనక రావాలి. బరువు కేంద్రం నుంచి మెట్టు అంచుకు గీసిన గీత నిలువు గీతతో 10 నుంచి 15 డిగ్రీల కోణం చేయాలి. 90 సెంటీమీటర్ల వెడల్పు అడుగుకు మెట్టు లోతు 4–5 సెంటీమీటర్లు చాలు. మెట్టు వెనక్కి గాలి చేరేలా పక్కలు తెరిచి ఉంచండి, లేదా పైనుంచి రెండు గొట్టాలు దింపండి. అంచులు పదునుగా ఉండాలి. గుండ్రంగా రుద్దితే నీరు అంటుకుని మళ్ళీ పీలుస్తుంది. బోటు పనిలో అన్ని మూలలూ గుండ్రంగా తీయడం అలవాటు, ఇక్కడ ఆ అలవాటు మానుకోవాలి.

బరువు కూడా అక్కడే తగ్గించవచ్చు. 450 గ్రాముల మ్యాట్ ఒక్క పొర చేతితో వేస్తే రెజిన్‌తో కలిపి చదరపు మీటరుకు కిలోన్నర అవుతుంది. మూడు పొరలు నాలుగున్నర కిలోలు. 20 మిల్లీమీటర్ల ఫోమ్ షీటుకు రెండు వైపులా 200 గ్రాముల నేత గ్లాసు బట్ట ఒక్కో పొర వేస్తే చదరపు మీటరుకు కిలోన్నర, కిలో ముప్పావు లోపు ముగుస్తుంది, గట్టితనం ఎక్కువ. సీటు కింద, మెట్టు దగ్గర మాత్రం అదనపు పొరలు వేయండి. థర్మోకోల్‌ను, నీలం ఎక్స్‌పీఎస్ షీట్లను పాలిస్టర్ రెజిన్ కరిగించేస్తుంది. వాటి మీద ఎపాక్సీనే వాడాలి. మీ షెడ్డులో డ్రమ్ముల కొద్దీ ఉన్నది పాలిస్టరే కాబట్టి ఇది గుర్తుంచుకోండి.

ఇప్పుడు బావగారి మాట. మీ మారుతి ఇంజనుకున్న 37 గుర్రాల బలం తక్కువేమీ కాదు. 300 కిలోల బండి నీటిని వదిలించుకోవాలంటే మంచి అడుగుతో దాని బరువులో 20 నుంచి 25 శాతం తోపుడు కావాలి, అంటే 60–75 కిలోలు. గాల్లో పడ్డాక 30–35 కిలోలు చాలు, ఇంజను నుంచి 16–20 గుర్రాలు ఖర్చవుతాయి. మీ లోపం ఫ్యానులో ఉంది. 5,500 ఆర్‌పీఎంలో మీటరు ఫ్యాను కొస సెకనుకు 288 మీటర్ల వేగంతో తిరుగుతుంది, ధ్వని వేగంలో 80 శాతం పైమాటే. శక్తిలో మంచి భాగం అరుపుగా పోతుంది. అదే ఇంజనుకు 2.2 వంతుల టూత్ బెల్టు రిడక్షన్ పెట్టి, 1.5 మీటర్ల రెండు రెక్కల చెక్క ప్రొపెల్లర్ 2,500 ఆర్‌పీఎంలో తిప్పితే కొస వేగం 196కు దిగుతుంది, తోపుడు 90–100 కిలోలు వస్తుంది. వ్యాగనార్ ఇంజను వేస్తే గుర్రబలం ముప్పాతిక వంతు పెరిగినా, అదే ఫ్యానుతో తోపుడు ఒకటిన్నర రెట్లు కూడా కాదు, బరువు మాత్రం ఎత్తున పెరుగుతుంది. ఇది వాదనతో తేల్చుకోవాల్సిన పని కాదు. బండిని ట్రాలీ మీద పెట్టి, గుంజకు స్ప్రింగ్ కాటాతో కట్టి, ఫ్యాను వెనకా పక్కలా ఎవరూ లేకుండా చూసి, ఫుల్ రేజ్‌లో ఎన్ని కిలోలు లాగుతోందో చదవండి. 60 రాకపోతే రిడక్షన్ పని బావగారికి అప్పగించండి. షాఫ్టు, బేరింగులు, బెల్టు బిగింపు అన్నీ మెకానిక్కు చేతి పనులే. ఆయన్ని కాదనడం కంటే సరైన పని ఆయన చేతిలో పెట్టడం మేలు.

ఇంజను ఎత్తు వల్ల ఇంకో ప్రమాదం ఉంది. ఫ్యాను బరువు కేంద్రానికి మీటరు పైన ఉంటే 35 కిలోల తోపుడు ముక్కును 35 కిలో-మీటర్లతో కిందికి నొక్కుతూ ఉంటుంది. మీరు దానికి సరిపోయేలా ఎలివేటర్ (తోకలో ముక్కును ఎత్తించి దించే పలక) పెట్టుకుంటారు. భయపడి ఒక్కసారిగా రేజ్ తీసేస్తే ఆ నొక్కుడు పోయి ముక్కు పైకి లేస్తుంది, అదీ మీరు ఆగాలనుకున్న క్షణంలోనే. ప్రొపెల్లర్‌ను వీలైనంత కిందికి తీసుకురండి, దాని గాలి తోక మీదుగా పోయేలా చూడండి, రేజ్ మెల్లగా తగ్గించడం అలవాటు చేసుకోండి. ఉప్పు తుంపర చెక్క ప్రొపెల్లర్ ముందంచును తినేస్తుంది కాబట్టి అక్కడ పాలియురెథేన్ టేపు అంటించి ఉంచండి.

ఇక్కణ్ణుంచి మీ ముందు నాలుగు దారులున్నాయి.

ఒకటి, ఉన్న రెక్కనే ఉంచి తోక మార్చడం. 5 చదరపు మీటర్ల తోకను నిలువు తోక పైన, రెక్కకు 3.5 మీటర్లు వెనక పెడతారు. రెక్క వెనకంచును కొద్దిగా పైకి తిప్పి ఎస్ ఆకారం తెస్తే లిఫ్ట్ జరగడం కొంత తగ్గుతుంది. కొసల కింద పలకలు దించితే కింది గాలి పక్కకు పారిపోదు. ఖర్చు తక్కువ, పోసినదేదీ వృథా కాదు. కానీ వెనక బరువు పెరుగుతుంది. తోకలో చేరే ప్రతి కిలోకూ ముందు కొంత బరువు వేయాల్సి వస్తుంది, సీటు ముందుకు జరపాల్సి వస్తుంది. 4.8 మీటర్ల బోటుకు వెనక బూమ్ (తోకను మోసే పొడవాటి కాడ) కట్టాలి. నిలకడ వస్తుంది, గొప్పగా మాత్రం రాదు.

రెండు, రెక్క కొత్తగా కట్టడం. జర్మన్ డిజైనర్ అలెగ్జాండర్ లిప్పిష్ 1963లో ఎగిరించిన ఎక్స్-112 నుంచి ఎక్స్-113, ఎక్స్-114 దాకా వాడింది తిరగేసిన త్రిభుజం రెక్క. ముందంచు తిన్నగా, వెనకంచు కొసలకు వెళ్ళేకొద్దీ ముందుకు వస్తుంది. కొసలు కిందికి వాలి నీటిని దాదాపు తాకుతుంటాయి. ఎత్తు మారినా లిఫ్ట్ చోటు తక్కువ జరుగుతుంది, తోక మరీ పెద్దది అక్కర్లేదు. సొంతంగా కట్టుకునేవాళ్ళకు నా అభిప్రాయంలో ఇదే అన్నిటికంటే భద్రమైన ఆకారం. మధ్యలో 3.4 మీటర్లు, కొసలో 0.6 మీటరు పెడితే 6 మీటర్ల నిడివికి 12 చదరపు మీటర్లు వస్తుంది. లేచే వేగం గంటకు 82 కిలోమీటర్ల దాకా పెరుగుతుంది. కష్టమల్లా కట్టడంలో ఉంది. ప్రతి పక్కటెముకా వేరే కొలత, వాలు రెండు వైపులా అచ్చంగా ఒకటే ఉండాలి. అర డిగ్రీ తేడా వస్తే బండి ఒక పక్కకు లాగుతుంది. మీకున్న పనితనానికి ఇది సాధ్యమే, కానీ ఏడాది పని.

మూడు, నిరూపితమైన ప్లాన్లు కొని మొదటి నుంచి కట్టడం. అమెరికాలో యూనివర్సల్ హోవర్‌క్రాఫ్ట్ అనే సంస్థ హోవర్‌క్రాఫ్ట్‌కు రెక్కలు తగిలించే ప్లాన్లు అమ్మింది. గాలి దిండు మీద లేస్తుంది కాబట్టి నీటిని వదిలించుకునే బాధే ఉండదు. మీ సొంత డిజైన్ అన్న తృప్తి పోతుంది, ఉన్న బోటు పనికిరాదు. ఆ ఒక్క తృప్తి కోసమే కడుతున్నారో, ఎగరడం కోసం కడుతున్నారో మీకే తెలియాలి.

నాలుగు, మనిషి ఎక్కే బండిని పక్కన పెట్టి రేడియో నమూనాల దగ్గరే ఉండిపోవడం. దీన్ని ఓటమిగా చూడకండి. డిజైన్ చేసే ఆనందంలో నూటికి తొంభై పాళ్ళు ఇందులోనే ఉంది.

మీరు మొదటి మూడిట్లో ఏది ఎంచుకున్నా ముందు నాలుగో దారి గుండానే వెళ్ళాలి. దాన్ని తప్పించుకునే వీల్లేదు. ఆరో వంతు నమూనా చేయండి. రెక్క మీటరు, వెడల్పు 40 సెంటీమీటర్లు, బరువు 1.4 కిలోలు, వేగం 31 కిలోమీటర్లు. ఎక్స్‌పీఎస్ ఫోమ్, బ్రష్‌లెస్ మోటారు, మూడు సర్వోలు (పలకలను కదిపే చిన్న మోటార్లు), రేడియో సెట్టు కలిపి 15–20 వేలల్లో అవుతుంది. రెండు కిలోల లోపు ఉంటే 2021 డ్రోన్ నిబంధనల్లో మైక్రో తరగతిలోకి వస్తుంది. వ్యాపారం కోసం కాకుండా ఎగిరిస్తే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. చోటు ఏ జోన్‌లో ఉందో ప్రభుత్వ డ్రోన్ల వెబ్‌సైటు డిజిటల్ స్కై మ్యాపులో చూసుకోండి. తెల్లవారుజామున, గాలి లేవకముందు, ఖాళీగా ఉన్న చేపల చెరువు మంచి చోటు. రొయ్యల చెరువులైతే పక్షుల కోసం అడ్డంగా కట్టిన తాళ్ళు, ఏరేటర్ వైర్లు లేకుండా చూసుకోండి.

నమూనాను తనంతట నిలకడగా ఉంచే స్టెబిలైజర్ గైరో పెట్టవద్దు, అది లోపాన్ని కప్పేస్తుంది. ముందు 5–10 సెంటీమీటర్ల ఎత్తున తిన్నగా పోనివ్వండి. తర్వాత ఎలివేటర్‌ను ఒక్క క్షణం లాగి వదిలేయండి. అర మీటరు ఎత్తుకు లేచి, మీరు ముట్టుకోకుండా తనంతట ముక్కు దించి వెనక్కి రావాలి. తర్వాత ఎగురుతుండగా రేజ్ ఒక్కసారిగా కట్ చేయండి. తర్వాత ఎదురుగాలిలో అవే పరీక్షలు మళ్ళీ. అన్నీ నెగ్గితే బ్యాటరీని ఒక్కో సెంటీమీటరు వెనక్కి జరుపుతూ, ఎక్కడ అది తిక్కగా ప్రవర్తిస్తుందో కనుక్కోండి. ఆ చోటుకు కనీసం రెండు సెంటీమీటర్లు ముందు మీ బరువు కేంద్రం ఉండాలి. పెద్ద బండిలో అది 12 సెంటీమీటర్లు. ఈ పరీక్షలో నమూనా ఒక్కసారి తిరగబడినా పెద్ద బండికి ఒక్క పొర గ్లాసు కూడా వేయకండి.

పెద్ద బండి నీళ్ళ మీదికి వచ్చే రోజు సంగతి. ఇది విమానంలా ఒరిగి మలుపు తిరగలేదు, కొస నీటిని తాకుతుంది. 5 డిగ్రీలే ఒరగగలిగితే 75 కిలోమీటర్ల వేగంలో మలుపు వ్యాసార్ధం అర కిలోమీటరు. ఐదు సెకన్లలో వంద మీటర్లు దాటేస్తారు. వలల తేలుడు బెండ్లు, కర్రలు అంత దూరం నుంచి కనిపించవు. అందుకని క్రీకు దీనికి చోటు కానే కాదు. 15–20 సెంటీమీటర్లకు మించి అల ఉంటే ఈ సైజు బండి లేవకూడదు. సీటు బెల్టు ఒక్క చేత్తో ఊడేది, హెల్మెట్, మణికట్టుకు కట్టిన, లాగితే ఇంజను ఆగిపోయే కిల్ తాడు, లైఫ్ జాకెట్ ఉండాలి. తనంతట ఉబ్బే జాకెట్ తిరగబడ్డ కాక్‌పిట్‌లో మిమ్మల్ని పైకి అదిమి బయటికి రానివ్వదు. బండి అరల్లో 300 లీటర్లకు తగ్గని ఫోమ్ ఉండాలి. పక్కన ఇద్దరున్న బోటు లేకుండా ఇంజను స్టార్ట్ చేయకండి.

అనుమతి గురించి. ఎగిరేటప్పుడు నీటి ప్రభావం దాటని బండిని అంతర్జాతీయ నౌకా సంస్థ 'ఏ' (A) తరగతిలో పెట్టి, ఓడగానే చూస్తుంది. 'బీ' (B) తరగతి తాత్కాలికంగా 150 మీటర్ల లోపు లేవగలిగేది. సముద్రంలో ఢీకొనకుండా ఉండే నిబంధనల్లో 18వ నియమం ప్రకారం ఇలాంటి బండి లేచేటప్పుడు, దిగేటప్పుడు, ఉపరితలం దగ్గర ఎగిరేటప్పుడు మిగతా అన్ని పడవలకూ దూరంగా తప్పుకోవాలి. అంటే తప్పుకునే బాధ్యత పూర్తిగా మీదే. మన దగ్గర సొంతంగా కట్టిన బండికి ఒక్క కిటికీలో పని అవదు. డ్రాయింగులు, బరువు, గరిష్ఠ ఎత్తు రాసి ఏపీ మారిటైమ్ బోర్డుకూ, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకూ ఇప్పుడే ఉత్తరాలు పెట్టండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. మెరైన్ పోలీసులకు ముందే చెప్పండి. పోర్టు హద్దుల్లో, కోరింగ అభయారణ్యం వైపు వెళ్ళకండి. హోప్ ఐలాండ్ ఒడ్డున ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలంలో ఆ నీళ్ళను పూర్తిగా వదిలేయండి. అనుమతి లేకుండా ఎగిరి ఎవరి వలనో తెంపితే, మీ షెడ్డుకు పని ఇచ్చే మత్స్యకారుల ముందే నిలబడాల్సి వస్తుంది.

ఇంట్లో సంగతి. ఒక్కసారి ఎగిరి చూపిస్తే అందరూ సర్దుకుంటారు అన్న మాట దగ్గర నేను మీతో ఏకీభవించలేను. మీ ఆవిడ భయపడుతున్నది సరిగ్గా ఆ ఒక్కసారి గురించే, పై లెక్కలు చూస్తే ఆమె భయం న్యాయమైనదే. ఆమెకు చూపించాల్సింది ఎగిరిన బండి కాదు, మీరు ఎక్కడ ఆగుతారో రాసిన కాగితం. నమూనా అన్ని పరీక్షలూ నెగ్గేదాకా పెద్ద బండి ఎవరూ ఎక్కరు. చీటీ పాడటం లేదు, ఈ ఏడాది నమూనాకు 20 వేలు, అడుగు మార్చడానికి షెడ్డులో మిగిలిన సామాను, అంతకు మించితే ఆమెను అడిగే ఖర్చు. పిల్లల్ని నమూనా పరీక్షలకు చెరువు దగ్గరికి తీసుకెళ్ళండి, ఆమెనూ రమ్మనండి. నమూనా ఎందుకు తిరగబడిందో మీ నోటితోనే చెప్పండి. అయినా ఆమె వద్దంటే నాలుగో దారి మీ ముందుంది. ఆమెకు చెప్పకుండా చీటీ పాడితే ఇంజను వస్తుంది, కానీ ప్రతి పరీక్షా దాచి చేయాల్సి వస్తుంది. దాచి చేసే పరీక్షలో పక్కన రెండో బోటు ఉండదు. అన్ని దారుల్లో అదే అత్యంత ప్రమాదకరమైనది.

మీ ఉత్తరంలో ఒక అంకె లేదు, బరువు కేంద్రం ఎక్కడుందో రాయలేదు. ఈ వారమే కొలవండి. బండిని సమంగా నిలిపి, ముక్కు దగ్గర ఒక కాటా, వెనక రెండు కాటాలు పెట్టి, మీరు సీట్లో కూర్చోండి. అంకెలు బావగారిని చదవమనండి. ఉదాహరణకు ముక్కు కొస నుంచి అర మీటరు దూరంలో 90 కిలోలు, 2.9 మీటర్ల దూరంలో రెండు కాటాలు కలిపి 210 కిలోలు చూపిస్తే, 90ని 0.5తో, 210ని 2.9తో హెచ్చించి కూడి, 300తో భాగించాలి. 2.18 మీటర్లు వస్తుంది. రెక్క ముందంచు 1.5 మీటర్ల దగ్గర మొదలైతే, కేంద్రం దానికి 68 సెంటీమీటర్లు వెనక, అంటే 28 శాతం దగ్గర ఉన్నట్టు. మీ అంకె 30 దాటి ఉంటే నమూనా డ్రాయింగు మొదలుపెట్టేముందే ఇంజనునో సీటునో ముందుకు జరపాల్సి ఉంటుంది. మెట్టు ఎక్కడ కోయాలో కూడా ఆ కొలతే చెబుతుంది కాబట్టి, అది చేతికి వచ్చేదాకా అడుగు భాగం ముట్టుకోకండి.